చేరబడడం వేరు, ఒరగడం వేరు

పెన్షను తీసుకునేవాళ్ళం ఏడాదికొకసారి బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. ఇప్పుడు ఆ తంతు సెల్‌ఫోనులోనే జరిగిపోతోంది. మొన్న శ్రీకాకుళంలో ఒక ఇంటర్నెట్ సెంటరులో అందుకోసమే కూర్చున్నాను. ఫోను తెరమీద గుండ్రటి గీత మధ్య నా ముఖం కనిపిస్తోంది. కింద ఇంగ్లీషులో ఒక ఆజ్ఞ వచ్చింది, తలను కొద్దిగా టిల్ట్ చేయమని. సెంటరు నడిపే అమ్మాయి దాన్ని తనదైన పద్ధతిలో తెలుగు చేసింది.

“సార్, గోడకి సేరబడిపోకండి. బుర్ర ఒక్కటే అటేపు వాల్సండి. ఒళ్ళు కదపొద్దు.”

వాల్చాను. యంత్రం ఒప్పుకుంది. అమ్మాయి తరువాతి మనిషిని పిలిచింది. కాని ఆమె చెప్పిన ఆ రెండు ముక్కల్లో ఒక గంట పాఠం ఉంది. చేరబడితే మన బరువు కొంత ఇంకొకదాని మీద పడుతుంది. వాలిస్తే పడదు. ఈ తేడా ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో తెలియదు. ఎవరూ నేర్పనక్కర లేకుండానే వచ్చి ఉండవచ్చు. నాకు నేర్పినావిడ మాత్రం పోయిన వానాకాలంలో చనిపోయారు.

ఆవిడ గురించి రాసేటప్పుడు నేను చూసినదాన్ని, విన్నదాన్ని, అనుకున్నదాన్ని కలపకుండా ఉంచుతాను. ఆవిడకు ఆ అలవాటు లేదు. ఆవిడకు మూడూ ఒకటే.

నెల్లిమర్ల దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఆవిడ ఇంగ్లీషు చెప్పేవారు, నేను పక్కగదిలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మధ్య గోడ పలచన. నేను న్యూటను గురించి చెబుతూండగా అవతల ధబ్బుమని చప్పుడయ్యేది. ఎవరో గోడకు ఆనుకున్నారన్నమాట. ఆవిడ మాటకు అర్థం బోర్డు మీద రాసేవారు కాదు, చేయించేవారు. పిల్లల్లో సగంమంది జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళనుంచి, మిగిలినవాళ్ళు చుట్టుపక్కల వరి పండించే ఊళ్ళనుంచి, గరివిడి వైపునుంచి వచ్చేవారు. ఇంగ్లీషంటే వాళ్ళకు బెరుకు. ఒళ్ళు కదపడమంటే బెరుకు లేదు.

“ఒరే సింహాచలం, లే. గోడ దగ్గిరకి ఎల్లు. సేరబడు. ఇప్పుడేటి సేస్తన్నావు?”

“నిల్సున్నాను మేడం.”

“నిల్సున్నాది నువ్వు కాదురా, గోడ. నిన్ను కూడా అదే మోస్తంది. గోడ తీసేస్తే?”

“పడిపోతాను మేడం.”

“అదీ లీన్ అంటే. ఐ యామ్ లీనింగ్ ఎగైనెస్ట్ ది వాల్. అను. గట్టిగా అను, పక్కగదిలో ఫిజిక్సు మాస్టారికి ఇనబడాల.”

వినబడేది. ఆ తరువాత నీళ్ళ సీసాల వంతు. మూత తీసి, సీసా వంచుతూ పోవాలి. నీళ్ళు అంచుదాకా రావాలి, ఒక్క చుక్క కింద పడకూడదు. “అది టిల్ట్. వంచినోళ్ళు మీరే, మళ్ళీ నిలబెట్టగలిగినోళ్ళూ మీరే. నీళ్ళు పడ్డాయా, అది టిప్. ఇంక మీ సేతిలో లేదు.” బెంచీలు తడిసేవి. అటెండరు ప్రతిసారీ గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఇంగ్లీషు పాఠానికి ఇన్ని నీళ్ళు ఎందుకని గొణిగేవాడు. స్లాంట్ అన్నదాన్ని పిల్లల ఏటవాలు చేతిరాతలో చూపించేవారు. అక్షరం పుట్టడమే అలా పుట్టింది, దాన్ని ఎవరూ తోయలేదు. ఇన్‌క్లైన్ అన్న మాట వచ్చినప్పుడు, ఫిజిక్సులో వాలుతలానికి వాడేది అదే గనుక, గోడకవతలనుంచి నన్ను ఉద్దేశించి, “అది పెద్దమనుషుల మాటర్రా, పేంటూ సొక్కా ఏసుకుని తిరుగుతాది. పక్క గదిలో మాస్టారి ఇంటి పిల్ల” అనేవారు.

తెలుగులో ఒక మాట, ఇంగ్లీషులో ఒక మాట పక్కపక్కన పెట్టి జత కట్టడం ఆవిడకు గిట్టదు. “మనకి మాత్రం తక్కువున్నాయేటి? గోడకి సేరబడతాం. మంచం మీద ఒరుగుతాం. సెంబు వంపుతాం. బండి ఒరుగుతాది, పొద్దు వాలుతాది. పొద్దు ఒరగదు.” పొద్దు ఒరిగిందనేవాళ్ళను నేను విన్నాను, ఆ సంగతి స్టాఫు రూములో చెప్పాను. “ఎవరన్నారు? ఏ ఊరోళ్ళు?” అని లాయరులాగా అడిగారు. ఊరి పేరు చెప్పాను. “సరే, ఆ ఊళ్ళో ఒరుగుతాది” అని ఒప్పుకున్నారు.

ఆవిడ చెప్పినవాటిలో నేను సరిచూడగా నిలవనివి చాలా ఉన్నాయి. తన క్లాసులో ఎవరూ నిద్రపోరనేవారు. కిటికీలోంచి చూశాను, వెనక బెంచీలో నిద్రపోయేవారు ఉన్నారు. లీన్ అన్నచోటల్లా ఆసరా ఒకటి ఉండి తీరాలనేవారు. చంపావతి గట్టున నదివైపు ఒరిగి ఒక తాటిచెట్టు ఉండేది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని కూడా లీన్ అనే అంటారు కదా, అది దేనికి ఆనుకుని ఉందని అడిగాను.

“మాస్టారూ, మీకు సెట్లు కూడా పగోళ్ళేటి?” అని అప్పటికి తప్పించుకున్నారు. మర్నాడు పొద్దున్న సంతకం పెట్టకముందే నా దగ్గరకు వచ్చి, చెట్టు తన వేళ్ళమీద ఆనుకుందన్నారు. అలాగయితే నిటారుగా ఉన్న చెట్టు కూడా వేళ్ళమీదే ఉంటుంది, దాన్ని లీన్ అనరు కదా అన్నాను. పగలబడి నవ్వారు.

“రూలు ఓడిపోయింది, మాట గెలిసింది. పోన్లెండి.”

ఆ రోజే క్లాసులో, నిన్న తాను చెప్పిన రూలు తప్పనీ, తాటిచెట్టు దాన్ని పడగొట్టిందనీ పిల్లలకు చెప్పడం గోడ ఇవతలనుంచి విన్నాను. తన తప్పును విద్యార్థుల ముందు అంత ఉత్సాహంగా ప్రకటించే ఉపాధ్యాయులను నేను ఎక్కువమందిని చూడలేదు. నేను చూడలేదంటే లేరని కాదు.

పదవీ విరమణకు కొన్ని నెలల ముందు ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు కాలూ చెయ్యీ పట్టు తప్పాయి. మాట కొద్దిగా ముద్దయింది గాని పోలేదు. నేను విజయనగరంలోని ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవిడను మంచం అంచున కూర్చోబెట్టారు. మనిషి మొత్తం ఎడమకు ఒరిగిపోయి ఉన్నారు. వింత అది కాదు. బాగున్న కుడిచెయ్యి పరుపు మీద ఆనించి, తనను తానే ఇంకా ఎడమకు నెట్టుకుంటున్నారు. ఫిజియోథెరపీ చేసే గౌరి అనే అమ్మాయి భుజం పట్టుకుని మధ్యకు తేబోతే, ఆవిడ కేక పెట్టారు.

“పడిపోతన్నాను! కుడేపుకి పడిపోతన్నాను! వదిలీయే!”

“అమ్మా, మీరు ఇప్పుడే తిన్నగున్నారు. పడిపోతన్నది ఇందాక.”

“నా ఒళ్ళు నాకు తెలీదేటి?”

“తెలీదమ్మా. అదే మీ జబ్బు. మీ బుర్ర మీకు అబద్ధం సెప్తంది.”

గౌరి ఆ మాట అనగలగడం నాకు నచ్చింది, కాని నమ్మడానికి ముందు చదివి చూశాను. నిజమే. మెదడు దెబ్బతిన్న కొందరిలో ఇలా జరుగుతుంది. నిటారు ఎక్కడుందో చెప్పే లోపలి కొలత ఒక పక్కకు జరిగిపోతుంది. ఒరిగి ఉన్నప్పుడు నిటారుగా ఉన్నట్టూ, నిటారుగా నిలబెడితే పడిపోతున్నట్టూ తోస్తుంది. అందుకే బలమున్న చేత్తో నెట్టుకుంటారు. మాటకు అర్థం ఒంటితోనే తెలుసుకోవాలని ఇన్నేళ్ళు చెప్పిన మనిషికి, ఇప్పుడు ఒళ్ళే తప్పు అర్థం చెబుతోంది.

ఇంటికి తీసుకువెళ్ళాక వ్యాయామాలు చేయించడానికి గౌరి రోజూ అక్కడికే వచ్చేది. మేడం తమ్ముడు కూడా రంగంలోకి దిగాడు. వాళ్ళది విజయనగరంలో బియ్యం, అపరాల టోకు వ్యాపారం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, పుట్టింట్లోనే తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. కొట్టులో బస్తాలు నిలవవేసేవారికి ఒక విద్య తెలుసు. ఒరిగిన బస్తాకు ఇంకో బస్తా ఆనిస్తే రెండూ నిలుస్తాయి. ఆయన అక్కకు ఎడమపక్కన కుర్చీకి ఆనించి ఒక బియ్యం బస్తా నిలబెట్టాడు. అక్కమీద ప్రేమతోనే పెట్టాడు. మర్నాటికి ఆవిడ ఆ బస్తాను నెట్టి పడేశారు. రెండు బస్తాలు పెట్టాడు. ఆసరా దొరికినకొద్దీ ఆవిడ దానిమీదకు ఇంకా గట్టిగా నెట్టుకోవడం మొదలుపెట్టారు.

నేను వెళ్ళినప్పుడు అక్కా తమ్ముళ్ళ మధ్య వాదన నడుస్తోంది. అక్కను ఆయన అప్పా అని పిలుస్తాడు.

“అప్పా, బస్తా ఆనిత్తే ఏదైనా నిలబడతాది. తాతలనాటి నుంచీ సేస్తన్నదే.”

“నాను బస్తానేటిరా?”

“బస్తా అయితే ఇంత మాటాడదు.”

ఆవిడ నవ్వబోయారు, నోరు ఒక పక్కకే వెళ్ళింది. తరువాత నావైపు తిరిగి, “మాస్టారూ, దీనికి మాట ఎతుకుతన్నాను. లీన్ కాదు, నాను దేనికీ ఆనుకోలేదు, ఈడే తెచ్చి ఆనించాడు. టిల్ట్ కాదు, నా సేతిలో లేదు. టిప్ కాదు, ఇంకా పడిపోలేదు” అన్నారు. కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి, “లిస్ట్” అన్నారు.

మనం సరుకులకు రాసుకునే లిస్టుకూ దీనికీ సంబంధం లేదు. ఓడల మాట అది. గాలి కొట్టి ఓడ ఒరిగితే దానికి వేరే మాట ఉంది. లోపల సరుకు జరిగిపోవడం వల్లో, నీరు చేరడం వల్లో ఓడ ఒక పక్కకు ఒరిగి ఉండిపోతే దాన్ని లిస్ట్ అంటారు. ఆవిడ తమ్ముడికి దాన్ని వాళ్ళ వ్యాపారం భాషలోనే చెప్పారు.

“ఒరే, సరుకు లోపల జరిగిపోయింది. నువ్వు బయట బస్తాలు పెడితే ఏటి లాభం? లోపల సరుకు సర్దాల.”

తమ్ముడు బస్తాలను చూశాడు, అక్కను చూశాడు. బస్తాలు రెండూ తీయించేశాడు. గౌరి అంతకుముందు రోజంతా చెప్పినా తీయనివాడు! ఇంటికి వచ్చాక ఆ మాటను నిఘంటువులో సరిచూశాను. ఆవిడ చెప్పినది అక్షరం పొల్లుపోలేదు.

కాలేజీ ఈలోగా వీడ్కోలు సభకు ఏర్పాట్లు మొదలుపెట్టింది. మేడంను కారులో తెచ్చి, వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పి పంపాలన్నది ప్రిన్సిపాల్ గారి ఆలోచన. తమ్ముడు అందుకు అప్పుడే ఒక చేతుల కుర్చీ కూడా చూసి పెట్టాడు. ఆవిడకు చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

“నాను రాను.”

“అదేటప్పా, అందరూ ఆశపడతన్నారు.”

“కుర్సీలో కూకోబెట్టి దండేస్తే ఫోటోకి ఏసినట్టే ఉంటాది. నిలబడి ఆకరి క్లాసు సెప్తాను. నిలబడి దండ ఏయించుకుంటాను. అలగయితేనే వస్తాను. లేపోతే ఆ దండ మీ దుకాణంలో దేవుడికి ఏసుకోండి.”

నిలబడగలనని ఆవిడ అన్నప్పుడు నేను నమ్మలేదు. అప్పటికి ఆవిడ కూర్చోవడమే ఇద్దరు చెరోపక్క పట్టుకుంటేనే. డ్యూటీలో చేరాలంటే డాక్టరు ఫిట్‌నెస్ రాసివ్వాలి. విరమణ తేదీ ఎవరికోసమూ ఆగదు. ఆవిడకు కావలసినది ఒక్క క్లాసు, అది కూడా నిలబడి చెప్పే క్లాసు. అది తప్పితే ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగం మంచం మీద ముగిసినట్టే.

గౌరి పద్ధతి సులువైనదే. లోపలి కొలత అబద్ధమాడుతోంది గనుక కంటికి కనిపించే నిలువును నమ్మాలి. ఎదురుగా ద్వారబంధం ఉంది, దాన్ని చూస్తూ ఒంటిని దానితో సమం చేసుకోవాలి. ఆవిడ రోజూ ద్వారబంధం చూస్తూ సమం చేసుకునేవారు. గౌరి అయినా ఇంకా ఎడమకే ఉన్నారనేది. ఆవిడ కాదనేవారు. ఇద్దరికీ కోపాలు వచ్చేవి.

“అమ్మా, సరిగ్గా సూడండి.”

“సూస్తన్నాను. ద్వారబంధం ఎలాగున్నాదో అలాగే ఉన్నాను.”

ఇద్దరిలో ఎవరు చెప్పినది నిజమో తేల్చడానికి నాకు తోచినది ఒక్కటే. వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి, గోడల నిలువు చూసుకునే దారమూ గుండూ తెచ్చాను. ద్వారబంధం పక్కన వేలాడదీశాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధం ద్వారబంధానిది. పాత మిద్దె. ఏనాడు కుంగిందో గాని, చట్రం కిందనుంచి పైకి స్పష్టంగా ఎడమకు ఒరిగి ఉంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన అక్కాతమ్ముళ్ళిద్దరికీ అది ఎప్పుడూ నిటారుగానే కనిపించింది.

తమ్ముడు ద్వారబంధాన్నీ దారాన్నీ మార్చి మార్చి చూశాడు. “మా నాన్న దీనికే పసుపు రాసి బొట్టెట్టేవోడు” అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు.

ఆవిడకు మాత్రం పండుగే అయింది. “సూసావేటే గౌరీ! నాను తప్పు సెయ్యలేదు. నువ్వు సూపించిన పాఠం తప్పు. ఇంక ఆ దారం తియ్యకండి మాస్టారూ. ఆ దారాన్ని నమ్ముతాను. నా ఒంటిని నమ్మను.”

ఆవిడ ఆ తరువాత చేసినది నేను కళ్ళారా చూసినది. అద్దం ముందు, దారం పక్కన, తనను తాను ఒక విద్యార్థిగా పెట్టుకుని ఇంగ్లీషులో ఆజ్ఞలు ఇచ్చుకునేవారు. కుడికి లీన్ అవు. ఇంకా. చాలు, ఆగు. ఒళ్ళు పడిపోతున్నానని కేక పెడుతుంటే, “అది అబద్ధాలకోరు, దాని మాట ఇనకు” అని తనను తానే తెలుగులో కసురుకునేవారు. మొదట కూర్చుని. తరువాత గౌరి నడుం పట్టుకోగా నిలబడి. తరువాత మూడు కాళ్ళ కర్రతో. భయంతో చెమటలు పట్టేవి. మనకు కొండ అంచున నిలబడితే ఎలా ఉంటుందో ఆవిడకు నిటారుగా నిలబడితే అలా ఉండేది. అలాంటి అంచు మీద రోజూ, కావాలని, ఇంకాస్త ఎక్కువసేపు నిలబడేవారు.

ఈ జబ్బు చాలామందిలో కొంతకాలానికి దానంతట అదే తగ్గుముఖం పడుతుందని డాక్టరు చెప్పారు. కనుక ఆవిడ కోలుకోవడంలో కాలానిది ఎంత, గౌరిది ఎంత, దారానిది ఎంత, ఆవిడ మొండితనానిది ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. పోల్చి చూడడానికి ఇంకొక ఆవిడ లేరు. విరమణ రోజుకు ముందు డాక్టరు ఫిట్‌నెస్ రాసిచ్చారన్నది మాత్రం వాస్తవం.

విరమణ రోజు పొద్దున్న ఆవిడ కర్ర పొడుచుకుంటూ వరండాలో నడిచి తన గదిలోకి వెళ్ళారు. గౌరి గుమ్మం దగ్గరే నిలబడింది. నాకు ఆ గంట క్లాసు లేదు, కిటికీ దగ్గర నిలబడ్డాను. పిల్లలు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ బల్లకు కాస్త దూరంగా నిలిచి, కర్రను బల్లమీద పెట్టేశారు.

“నన్ను సూడండి. వాట్ యామ్ ఐ డూయింగ్?”

అందరికీ తెలుసు, ఎవరికీ చెప్పడానికి మనసు రాలేదు. చివరికి ముందు బెంచీలో గరివిడి అమ్మాయి లేచింది. “మేడం, యు ఆర్... యు ఆర్ లీనింగ్ టు ది లెఫ్ట్.”

పక్కనున్న పిల్ల ఆమె చున్నీ పట్టి లాగింది.

“దాన్నెందుకు లాగుతావే? అది నిజం సెప్పింది.” మేడం తల తిప్పి బోర్డు అంచును చూశారు. నేను కూడా చూశాను. అది నిటారుగానే ఉంది, ఆ సంగతి ముందురోజే దారం వేసి తేల్చుకున్నాను. ఆవిడ ముఖంలో ఆ భయం కనిపించింది. ఒళ్ళు వద్దంటూంటే ఆవిడ కుడికి, ఇంకొంచెం కుడికి వచ్చి ఆగారు.

“ఇప్పుడు?”

“నో మేడం.”

“నో ఏటే? ఫుల్ సెంటెన్స్!”

“యు ఆర్ స్టాండింగ్ స్ట్రెయిట్, మేడం!”

“రాసుకోండి” అన్నారు మేడం, ఏమీ జరగనట్టు. “ఇప్పుడు సీసాలు తియ్యండి.”

గంటంతా చెప్పారు. మధ్యలో రెండుమూడుసార్లు ఎడమకు ఒరిగారు. ప్రతిసారీ గది మొత్తం ఒక్క గొంతుతో, “మేడం, లెఫ్ట్!” అని అరిచింది, ప్రతిసారీ ఆవిడ సర్దుకున్నారు. చివరికి అదొక ఆటయిపోయింది. నీళ్ళు పడ్డాయి. అటెండరు గుడ్డ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి కూడా ఆ రోజు ఏమీ గొణగలేదు.

తరువాత సభ. వేదిక మీద తమ్ముడు తెచ్చిన చేతుల కుర్చీ మధ్యలో వేసి ఉంది. ఆవిడ దాని పక్కన నిలబడ్డారు. ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా కూర్చోలేదు, దాని చేతిని పట్టుకోనూ లేదు. ఆఖరికి ప్రిన్సిపాల్ గారు దండ పట్టుకుని ముందుకు వచ్చారు. మా కాలేజీలో అందరికంటే పొడగరి మేడం. అందరికంటే పొట్టి ప్రిన్సిపాల్ గారు. ఆయన చేతులు ఎత్తి చూసి దింపారు.

“మేడం, తల కొంచెం వంచండి.”

“వంచను” అన్నారు మేడం. మైకు దగ్గరే ఉంది, అందరికీ వినబడింది. “ఎంత కష్టపడితే తిన్నగయ్యాది ఈ తల! ఇలాగే ఏయండి.”

సభ గొల్లుమంది. ప్రిన్సిపాల్ గారు మునివేళ్ళ మీద లేచారు. చాలలేదు. తమ్ముడు వేదిక ఎక్కి, తాను అక్కకోసం మోసుకొచ్చిన ఆ కుర్చీని తీసుకెళ్ళి ఆయన ముందు వేశాడు. ఆయన ఒకసారి అందరివంకా చూసి, చెప్పులు విప్పి, కుర్చీ ఎక్కి దండ వేశారు.